మావయ్యకు రాసిచ్చిన కాషన్ ఆర్డర్

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ సామెత పుట్టించిన మహానుభావుడి ఇంట్లో నాలాంటి కోడలు ఉండే ఉంటుంది.

ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో, మలంచా రోడ్డు పక్కన ఒక గదిలో నేను ఫిజియోథెరపీ చేస్తాను. మోకాళ్ళు అరిగినవాళ్ళు, పక్షవాతం నుంచి లేచినవాళ్ళు, షుగరు, బీపీ, ఆయాసం ఉన్నవాళ్ళు వస్తారు. బెంగాలీలు దీదీ అంటారు. మనవాళ్ళు డాక్టరమ్మ అంటారు. నేను డాక్టర్ని కాదని మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని, ఇప్పుడు మానేశాను. ఏమని పిలిచినా చెప్పిన మాట వింటారు. కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోమంటే పదే చేస్తారు, పదకొండు చెయ్యరు. వ్యాయామం కూడా మందేననీ, మందుకున్నట్టే దానికీ మోతాదు ఉంటుందనీ నేను గోడకి బోర్డు కొట్టి మరీ చెబుతాను కాబట్టి వాళ్ళకు వేరే దారి లేదు.

ఇంటికొస్తే ఆ పెత్తనం గుమ్మం బయటే ఆగిపోతుంది. లోపల మావయ్య ఉంటారు.

మావయ్య మెయిల్ రైళ్ళ డ్రైవరుగా రిటైరయ్యారు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో చేరారు. కొడుకు ఇంజనెక్కాడు. మనవడి కాలానికి, అంటే మా ఆయన కాలానికి, కుటుంబం మళ్ళీ వర్క్‌షాపుకే చేరింది. మావయ్య దృష్టిలో అది ఒక మెట్టు దిగడమే. ముప్పై నాలుగేళ్ళు ఇంజన్లో నిలబడ్డ మనిషికి నేల మీద ఉన్నవాళ్ళందరూ కొంచెం నెమ్మదిగా కనిపిస్తారు. నన్ను "డాక్టరమ్మా" అని పిలుస్తారు. ఊళ్ళోవాళ్ళు గౌరవంగా అనే మాటనే ఈయన వెక్కిరింతగా అంటారు.

పన్నెండేళ్ళుగా షుగరుంది. పోయిన వేసవిలో గుండెపోటు వచ్చింది. స్టెంటు వేసి పంపించారు. రెండో వారం చూపించుకోవడానికి వెళితే గుండె డాక్టరు, "కొద్దికొద్దిగా నడవాలి. మీ కోడలుంది కదా, ఆవిడే చెబుతుంది" అన్నాడు. మావయ్య నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఇంజన్లు తనిఖీ చేయడానికి కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టరును పాత డ్రైవరు అలాగే చూస్తాడట, తర్వాత అత్తయ్య చెప్పింది.

ఆయనకు కావలసింది ఒక్కటే. గోల్ బజారుకు ఒక్కడే నడిచి వెళ్ళి, చేపల వరసలో తన చేత్తో మొప్ప ఎత్తి చూసి, చేప తెచ్చుకోవాలి. రిటైరైన దగ్గర్నుంచీ అదే ఆయన డ్యూటీ. గుండెపోటు తర్వాత మా ఆయన తెచ్చిన చేపను రోజూ వాసన చూసి, ఏమీ అనకుండా పక్కకి తిరిగేవారు. ఆ తిరగడం తిట్టు కంటే ఎక్కువగా తగిలేది. మా ఇంటి నుంచి బజారు మామూలు మనిషికి పాతిక నిమిషాల నడక. వచ్చేటప్పుడు టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కొచ్చు. మూడు నెలల్లో ఆయన్ని అక్కడికి చేరుస్తానని మాటిచ్చాను. ఆ మాట ఇచ్చేటప్పుడు నాకు రవ్వంత అనుమానం కూడా లేదు, ఎందుకంటే అంతకంటే బలహీనమైన గుండెలతో వచ్చినవాళ్ళని నేను నడిపించాను.

ఐదు నిమిషాలతో మొదలుపెట్టాము. మెడ, భుజాలు, మడమలు కదిపి వేడెక్కాక నడక. చివర్లో మెల్లగా తగ్గించి ఆగడం. నెలన్నరకి పదిహేను నిమిషాలకి వచ్చారు. ఆయన చేతి గడియారం చూసుకుని సరిగ్గా పదిహేనుకి గేటు తాకేవారు. నేను మురిసిపోయాను. మురిసిపోతే కళ్ళు మూసుకుపోతాయి, అది నాకు తెలియాల్సింది.

తర్వాత ముసురు పట్టింది. మా సందులో మోకాటి లోతు నీళ్ళు నిలిచాయి. నాలుగు రోజులు మావయ్య వరండాలో కూర్చుని వానను చూస్తూ గడిపారు. ఐదో రోజు తెల్లారేసరికి వాన వెలిసింది. నేను లేచేటప్పటికే ఆయన షుగరు మాత్ర వేసుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

ఏడున్నరకి గేటు దగ్గర ఒక టోటో ఆగింది. నడిపేవాడికి నేను తెలుసు. "దీదీ, జల్దీ ఆయియే. ఆప్‌కే ససుర్" అన్నాడు. వెనక సీటులో మావయ్య ఒక పక్కకి ఒరిగి ఉన్నారు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. మా ఇంటికి గంట నడక దూరంలో, ఇందా వైపు రోడ్డు పక్కన కూలబడిపోతే, చుట్టుపక్కలవాళ్ళు ఎత్తి కూర్చోబెట్టారట. షుగరు పడిపోయిందని నాకు చూడగానే తెలిసింది. మనిషికి తెలివి ఉంది, మింగగలుగుతున్నారు. పంచదార నీళ్ళు తాగించి అదే టోటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాము. గుండెకు ఏమీ కాలేదు. ఒక రోజు ఉంచుకుని పంపించేశారు.

ఇంటికి తెచ్చిన సాయంత్రమే అత్తయ్య తీర్పు చెప్పేసింది.

"నడకా వొద్దు, గిడకా వొద్దు. మంచమ్మీద కూకోబెట్టి మూడు పూటలా నాను పెడతాను. మనిసి నాకు కావాల. నీ సదువు నీ గదిలో సూపించుకో అమ్మాయ్."

మా ఆయన తల వంచుకుని, "అమ్మ చెప్పిందే బాగుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తయ్య మీద కాదు. ఆవిడ భయం నాకు అర్థమైంది. కానీ మంచం ఏం చేస్తుందో నాకు తెలుసు. గుండెపోటు తర్వాత ప్రేమతో మంచమెక్కించిన మనుషుల్ని చూశాను. మొదట తొడల్లో కండ కరుగుతుంది. తర్వాత షుగరు పెరుగుతుంది. ఆరు నెలలకి బాత్రూముకి వెళ్ళడానికి మనిషి సాయం కావాలి. మావయ్యను అలా కాపాడితే మాకు మిగిలేది మంచమే గానీ మనిషి కాదు. ఆ ఇంట్లో ఆ మాట పైకి అనగలిగేది నేనొక్కదాన్నే. నా మాటకే విలువ పోయింది.

ఒకటి మాత్రం నాకు అంతుబట్టలేదు. పదిహేను నిమిషాల మనిషి ఇందా దాకా ఎందుకు వెళ్ళాడు?

జవాబు ఆయన దిండు కింద ఉన్న నోటు పుస్తకంలో దొరికింది. నడక మొదలైన రోజు నుంచీ ప్రతి రోజుకీ ఒక వరస. బయల్దేరిన టైము, చేరిన టైము. ముసురు పట్టిన నాలుగు రోజులకి ఎదురుగా, "లేటు" అని రాసి, కింద కలిపి, అరవై నిమిషాలని వేశారు. ఐదో రోజు వరసలో బయల్దేరిన టైము ఒక్కటే ఉంది.

పుస్తకం పట్టుకుని ఆయన మంచం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"మావయ్యా, నాలుగు రోజుల నడకా ఒక్క రోజే నడిచీసినారేటి?"

"లేటయితే మేకప్ సెయ్యకుండా ఎలాగమ్మా?" అన్నారు, నేనేదో వింత ప్రశ్న అడిగినట్టు.

ఆలస్యమైన బండిని, దారి బాగున్నచోట వేగం పెంచి, టైముకి చేర్చడాన్ని డ్రైవర్లు మేకప్ అంటారు. మావయ్యకి అది పనితనం మాత్రమే కాదు, పరువు. గంట లేటుతో చేతికొచ్చిన మెయిల్‌ను రైట్ టైముకి చేర్చిన కథలు మా ఇంట్లో అన్నంలో ఉప్పు లాంటివి, లేని పూట ఉండదు. ఈ కథలు ఇన్నేళ్ళు విని కూడా నాకు అనుమానం రాలేదు.

"నాను ఊరికే నడిసేనేటి? పల్సు సూసుకుంటూనే ఉన్నాను. తొంభై దాటనేదు" అన్నారు.

"అది మీ గుండె మాత్ర వల్ల మావయ్యా. ఆ మాత్ర పల్సును పైకి ఎక్కనివ్వదు. మీరు అలిసిపోయినా లెక్క అక్కడే ఉంటాది."

"మరి ముందర సెప్పాల కదేటి?"

సెప్పాల. గదికి వచ్చే ప్రతి మనిషికీ ఇవి చెబుతాను. మీ మాత్రలు చూపించండి, ఖాళీ కడుపుతో నడవకండి, ఒక రోజు తప్పితే తర్వాత రోజు దాన్ని కలపకండి, నాలుగు రోజులు తప్పితే ఒక మెట్టు తగ్గించి మొదలుపెట్టండి. ఇంటి మనిషి కదా అని, రోజూ కళ్ళెదుటే ఉంటారు కదా అని, మావయ్యకు నేను కాగితం రాసివ్వలేదు. వంటింట్లోంచి నోటి మాటగా చెప్పి ఊరుకున్నాను. తప్పు నాది. ఆ మాట ఆయనతోనే అన్నాను. ఆయన ఆశ్చర్యపోయి నావైపు చూశారు. ఇన్‌స్పెక్టర్లు తప్పు ఒప్పుకోవడం ఆయన సర్వీసులో చూసి ఉండరు.

"సరే, ఒకటి చెప్పండి" అన్నాను. "మీ బండి గంట లేటు. ముందర వంతెన మీద పని జరుగుతోంది, ఇరవై స్పీడు దాటొద్దని కాషన్ ఆర్డర్ రాసిచ్చినారు. మీరేటి చేస్తారు?"

"ఇరవయ్యే."

"గంట లేటు కదేటి?"

"రెండు గంటలు లేటయినా ఇరవయ్యే! కాషన్లో మేకప్ ఏటి? బండి నదిలో పడిపోద్ది. వెనకాల జనం ఉన్నారు కాదేటి?" అని గొంతు పెంచారు.

అంతలో ఆయనే ఆగిపోయారు. తన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు.

"ఇక్కడ కాషన్ పడిందంటావు."

"పడింది మావయ్యా."

"ఎన్నాళ్ళు?"

అబద్ధం చెప్పడం సులువే. రోగి ముఖం చూసి, "ఇంకో ఆరు నెలలండీ" అనేవాళ్ళు మా వృత్తిలోనూ ఉన్నారు. నేను, "పర్మనెంటు" అన్నాను. గుండెలో ఆ కొంచెం భాగం మళ్ళీ మొలవదనీ, మిగిలిన గుండెనీ కాళ్ళనీ బలపరుచుకుంటే బజారు దాకా వెళ్ళొచ్చనీ, షుగరు కూడా మాట వింటుందనీ చెప్పాను. ఆయన పై కప్పు వైపు చూస్తూ విన్నారు.

"పర్మనెంటు కాషన్ ఉన్న లైన్లో మెయిలు నడవదేటి?" అన్నారు చివరికి. "నడుస్తాది. రాసియ్యి."

రాసిచ్చాను. తెల్ల కాగితం మీద, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత వేగం, ఎందుకు, అన్నీ వరసగా. టిఫిను తిన్న తర్వాతే బయల్దేరాలి. షుగరు మాత్ర ఎప్పుడు వేసుకోవాలో గుండె డాక్టరుతో మాట్లాడి మార్పించి అదీ రాశాను. జేబులో నాలుగు గ్లూకోజు బిస్కట్లు లేకుండా గేటు దాటకూడదు. వెళ్ళేముందు, వచ్చాక, పాదాలు చూపించాలి, ఎందుకంటే షుగరు కాళ్ళకి బొబ్బ లేచినా తెలియదు. ఛాతీ బరువు, దవడ లాగడం, చల్లటి చెమట, కళ్ళు తిరగడం, ఏది వచ్చినా రెడ్ సిగ్నల్. ఉన్నచోటే కూర్చుని, డాక్టరు చెప్పిన మాత్ర నాలుక కింద పెట్టుకుని ఫోను చెయ్యాలి. అన్నిటికంటే కింద పెద్దక్షరాలతో, "తప్పిన రోజు తప్పిందే. మేకప్ లేదు" అని రాసి సంతకం పెట్టమన్నాను. చదివి, కళ్ళజోడు సరిచేసుకుని, ఇంకోసారి చదివి సంతకం పెట్టారు. నోటిమాటకి నెలన్నర బట్టీ ఇవ్వని విలువ కాగితానికి ఇచ్చారు.

పల్సును నమ్మొద్దన్నాను కాబట్టి దాని బదులు ఇంకొకటి ఇవ్వాలి. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు, మాట తెగుతుంటే ఎక్కువైనట్టు. అది మా చదువులోని పాత లెక్కే. కానీ మావయ్య నడుస్తూ ఎవరితో మాట్లాడతారు? అప్పుడు అత్తయ్యే, వద్దనుకుంటూనే, దారి చూపించింది. ఇంజన్లో డ్రైవరూ అసిస్టెంటూ కనిపించిన ప్రతి సిగ్నల్‌నూ పైకి చెప్పుకోవాలి. ఒకరు "గ్రీన్" అంటే రెండోవాళ్ళు "గ్రీన్" అనాలి. "రిటైరయిన కొత్తలో నిద్దట్లో కూడా అరిసేవోరు, నాను బదులు సెప్తే గానీ పడుకునేవోరు కాదు" అంది.

నేను ఆ మాట పట్టుకున్నాను. హిజ్లీ, బేనాపూర్, నారాయణ్‌గఢ్, బాఖ్రాబాద్, బేల్దా. ఆయనకు నిద్దట్లో కూడా వచ్చే స్టేషన్లు. రెండేసి నిమిషాలకోసారి ఈ ఐదు పేర్లూ ఒక్క ఊపిరిలో చెప్పగలిగితే గ్రీన్. మధ్యలో ఊపిరి తీసుకోవలసి వస్తే ఎల్లో, నెమ్మదించాలి, అయినా తెగుతుంటే కూర్చోవాలి. అసిస్టెంటు విని బదులు చెప్పాలి.

"అసిస్టెంటు ఎవురు?" అంది అత్తయ్య.

నేను ఆవిడ వైపే చూశాను.

"ఓలమ్మో! ముప్పై నాలుగేళ్ళు డ్యూటీకి కేరేజీ కట్టినాను. ఇప్పుడు అసిస్టెంటు డ్యూటీ కూడానా?"

అని తిట్టుకుంటూనే చెప్పులు వేసుకుంది. ఎంత నమ్మకం లేకపోయినా, ఆయన్ని ఒంటరిగా పంపడం కంటే తను వెంట ఉండడం మేలనుకుని ఉంటుంది. మళ్ళీ ఐదు నిమిషాల నుంచి మొదలు. మలంచా రోడ్డు మీద పొద్దున్నే ఒక ముసలాయన స్టేషన్ల పేర్లు అరుస్తుంటే, పక్కన ముసలావిడ "గ్రీన్!" అని కేకేయడం వీధి వీధంతా చూసింది. మిఠాయి కొట్టాయన నన్నాపి, "దీదీ, ఘర్ మే సబ్ ఠీక్ హై?" అని అడిగాడు.

అత్తయ్యకు వారంలోనే చెవి కుదిరింది. ఒకరోజు నేను వెనకే వస్తున్నాను. మావయ్య ఐదు పేర్లూ చెప్పి, "గ్రీన్" అన్నారు. అత్తయ్య, "ఎల్లో" అంది.

"గ్రీనే."

"బాఖ్రాబాద్ కాడ ఊపిరి మింగినారు. నాను ఇన్నాను. ఎల్లో."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. ఇక గొడవేననుకున్నాను. మావయ్య రెండడుగులు వేసి, నెమ్మదించారు. అత్తయ్య ముఖం పక్కకి తిప్పుకుంది గానీ, గర్వం దాచుకోలేకపోయింది. నడక మీద ఆవిడకి నమ్మకం పుట్టింది ఆ రోజే. నేను చెప్పినందుకు కాదు, ఆయన ఆగినందుకు.

బజారు రోజు చలికాలంలో వచ్చింది. మూడు నెలలన్నది ఆరయింది. ఎనిమిదిన్నరకి టిఫిను తిని, పాదాలు అత్తయ్యకు చూపించి, జేబు తట్టుకుని బిస్కట్లున్నాయని చూపించి, ఒక్కరే గేటు దాటారు. పెద్ద రుయ్యి చేప తెస్తానన్నారు. అత్తయ్య చేపల కూరకి ఆవ నూరడానికి కూర్చుంది. లెక్క ప్రకారం తొమ్మిదిన్నరకి ఇంట్లో ఉండాలి.

తొమ్మిదిన్నర అయింది. తొమ్మిదీ నలభై అయింది. ఫోను చేస్తే ఎత్తలేదు. డ్యూటీలో ఫోను ముట్టుకోకూడదన్నది ఆయన పాత అలవాటు, తెలుసు. తెలిసి కూడా మళ్ళీ మళ్ళీ చేశాను. పొద్దున్నుంచీ ధైర్యం చెబుతున్నదాన్ని నేనే. తొమ్మిదీ యాభైకి స్కూటీ తాళాలు తీసుకుని గుమ్మం దిగాను.

"ఆగు అమ్మాయ్" అంది అత్తయ్య. రోలు ముందు నుంచి లేవలేదు. చేతులు మాత్రం ఆగిపోయి ఉన్నాయి. "కాషన్ రాసినదానివి నువ్వే కదేటి? లేటయిందని బండికి ఎదురెల్తారేటి? ఆయన ఆగుతారు. నాకు తెల్సు."

నిలబడిపోయాను. నిలబడి ఆ పదిహేను నిమిషాలూ ఎలా గడిపానో నాకే తెలుసు. పరిగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని రోగులకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ నీళ్ళు ఎలా ఉంటాయో ఆ రోజు తెలిసింది.

పదీ ఐదుకి టోటో వచ్చింది. మావయ్య నిటారుగా దిగారు. చేతిలో చిన్న సంచీ. అత్తయ్య లేచి వెళ్ళి సంచీ విప్పి చూసింది. లోపల వేలెడంత లేని మౌరలా చేపలు.

"ఏటివి? ఆవ నూరించి ఈ పరిగెలా తెచ్చినారు?"

"లేటు" అన్నారు మావయ్య. "సగం దారిలో ఎల్లో పడింది. నెమ్మదించినాను. మళ్ళీ ఎల్లోయే పడింది. ఒక కొట్టు మెట్టు మీద కూకున్నాను. రెండు బిస్కట్లు తిన్నాను. ఐదు పేర్లూ ఒక్క ఊపిరిలో వచ్చినదాకా లేవనేదు. ఎల్లీసరికి పెద్ద సాప అయిపోయింది."

"లేచాక?" అన్నాను.

"లేసాక ఏటి? అదే స్పీడు."

నేను ఏడ్చేశాను. గుమ్మంలో, తాళాలు చేతిలో పట్టుకుని, చిన్నపిల్లలా. మావయ్య కంగారుపడి, "ఏటమ్మా డాక్టరమ్మా" అన్నారు. ఈసారి అందులో వెక్కిరింత లేదు. అత్తయ్య చెంగుతో ముక్కు తుడుచుకుని, ఆవ ఘాటని చెప్పి, ఆ చిన్న చేపలన్నీ ఒక్కొక్కటే బాగుచేయడానికి కూర్చుంది.

మావయ్య కాళ్ళు కడుక్కుని, పాదాలు నాకు చూపించి, నోటు పుస్తకం తీశారు. బయల్దేరిన టైము రాశారు. చేరిన టైము రాశారు. లేటు దగ్గర ముప్పై ఐదు నిమిషాలు అని వేశారు. దాని పక్కన కాసేపు పెన్ను ఆపి, "మేకప్ లేదు" అని రాసి, డ్రైవరు సంతకం పెట్టి, అసిస్టెంటు సంతకం కోసం పుస్తకాన్ని అత్తయ్య వైపు జరిపారు.